ఫెర్నే పల్లె, వోల్టేరు మేడ

ఫ్రాన్సు దేశపు తూర్పు అంచున, జూరా పర్వతములకును లెమాన్ సరస్సునకును నడుమ జెక్సు సీమ కలదు. అందు జినీవా నగరపు పొలిమేరకు చేరువనున్న పల్లె ఫెర్నే. ఆకాశము నిర్మలముగా నున్న దినమున అచ్చటి మేడ తోటనుండి మోఁబ్లాఁ మంచుశిఖరము కానవచ్చును. ప్రసిద్ధ రచయిత వోల్టేరు అరువదేండ్లు పైబడిన పిదప ఈ ఎస్టేటును కొని, పాత కోటను తీసివేయించి, ఈ మేడ కట్టించెను. పారిస్ ప్రభువులకు ఆగ్రహము కలిగినచో సరిహద్దు దాటుట సులభమని ఆయన యెంచెను.

మేడను గూర్చి వ్రాసినవారు పలువురు. మేము పల్లెను గూర్చి చెప్పదలచితిమి.

వోల్టేరు వచ్చునప్పటికి అది బీదపల్లె. ఆయన బురదనేలల నీరు తీయించెను. పొలములు సాగు చేయించెను. 1761లో గుడి కట్టించి, దేవునికి వోల్టేరు నిర్మించినదని దానిపై చెక్కించెను. జినీవాలో పుట్టియు, వలసవచ్చిన వారి సంతతి యగుటచే రాజకీయ హక్కులు లేని వారిని అచ్చట ‘నతీఫ్’లనెడివారు. 1770లో అల్లర్లు చెలరేగగా వారిలో గడియారములు చేయు పనివారు అనేకులు ఫెర్నే చేరిరి. వోల్టేరు వారికి ఇండ్లు కట్టించెను, పెట్టుబడికి అప్పిచ్చెను, సరకు అమ్ముటకై గొప్పవారికి తానే జాబులు వ్రాసెను. రష్యా చక్రవర్తిని రెండవ కాథరిన్ ఆ గడియారములు కొనెను. ప్రొటెస్టంటులును కాథలిక్కులును ఇరుగుపొరుగుగా కాపురముండిరి. ఆయన లాభనష్టము లెరిగిన భూస్వామియే. అయినను వచ్చినవారి మతమడుగలేదు.

సరస్సు ఒడ్డున వెర్స్వా గ్రామము కలదు. అచ్చట జినీవాకు పోటీగా రేవుపట్టణము కట్టవలెనని ఫ్రెంచి ప్రభుత్వము తలపెట్టెను. 1770 డిసెంబరులో మంత్రి ష్వజేల్ పదవి పోవుటతో ఆ యత్నము సన్నగిల్లెను. రాజు కట్టదలచిన పట్టణము నిలువలేదు. రచయిత పల్లె పెరిగెను. 1775లో జెక్సు సీమకు ఉప్పు గుత్తదారుల పీడ తొలగుటకును ఆయన పాటుపడెను.

1778 మే 30న వోల్టేరు పారిస్‌లో మరణించునాటికి ఫెర్నే జనసంఖ్య సుమారు వేయి. కాని వారసురాలైన మేనకోడలు ఎస్టేటు అమ్మివేసెను. ఆయన గ్రంథములు రష్యాకు తరలిపోయెను. గడియారముల పరిశ్రమయు క్రమముగా క్షీణించెను. పోషకుని కనుచూపులో పెరిగిన వృత్తికి, అతడు లేని నాడు ఆధారము కరువయ్యెను.

అయినను ఊరు మిగిలెను. నేడు దాని పేరు ఫెర్నే-వోల్టేరు. 1999లో ఫ్రెంచి ప్రభుత్వము మేడను కొని, మరమ్మతులు చేయించి 2018లో తిరిగి తెరచెను.

పరప్రాంతమున తరములుగా కాపురమున్న మాకు ఈ చరిత్రలో మేడకంటె ‘నతీఫ్’ల కథయే దగ్గరగా తోచును. ఆదరించిన పెద్దలను స్మరించుట ధర్మము. వారి అనంతరమును నిలుచునట్లు బడిని, గ్రంథాలయమును, సంఘమును మన చేతులతో నడుపుకొనుట అవసరము. ఈ ఉగాదినాడు ఆ తలంపు మన కుండవలెనని మా కోరిక.