తెనాలిలో బండి మారని ఫొటోలు

మాది రేపల్లె. నేను ఇంజనీరింగ్ వెలగబెట్టింది బాపట్లలో. రైల్లో వెళ్ళాలంటే తెనాలిలో దిగి బండి మారాలి. ఓసారి మత్తుగా నిద్రపోయి గుంటూరులో తేలాను. ఈ సోదంతా ఎందుకంటే, వెబ్‌సైట్లో ఫైల్ అప్‌లోడ్ కూడా అచ్చం ఇలాంటి ప్రయాణమే. ఆ సంగతి నాకు తెలిసొచ్చిన తీరు మాత్రం అంత సరదాగా లేదు.

2018లో, ఫైనలియర్‌లో ఉండగా, తెనాలిలో మా బాబాయి ఫొటో స్టూడియోకి పీహెచ్‌పీలో ఓ చిన్న సైటు చేశాను. కస్టమర్లు ఫోన్లోంచి ఫొటోలు పంపితే ఆయన ఆల్బమ్ వేసిస్తాడు. నా లాప్‌టాప్‌లో ఉన్న చిన్న బొమ్మలతో పరీక్షించా, బ్రహ్మాండంగా పనిచేసింది. నెల తిరక్కుండానే రేపల్లె నుంచి ఒకావిడ వాళ్ళ పాప ఓణీల ఫంక్షన్ ఫొటోలు ఒక్కొక్కటిగా పంపింది. పంపిన ప్రతిసారీ తెర మీద "మీ ఫొటో చేరింది" అని వచ్చింది. ఫోన్లో జాగా లేదని ఆవిడ అన్నీ తీసేసింది. తీరా చూస్తే సర్వర్లో ఉన్నవి నాలుగంటే నాలుగు.

కాళ్ళూ చేతులూ ఆడలేదు. ఓ సీనియర్‌కి మెసేజ్ కొట్టా: "అన్నా, అప్‌లోడ్ పనిచేయట్లేదు, అర్జెంటు." ఆయన ఒక్కటే అడిగాడు: "ఎర్రర్ నంబరెంత?" అలాంటిది ఒకటుంటుందనే నాకు తెలీదు!

ఆ నంబరు వెనక చాలా కథే ఉంది. మొదట్లో వెబ్ ఫారం అంటే అక్షరాలు పంపడానికే. సైటు యజమాని ఎఫ్‌టీపీతో ఫైళ్ళు ఎక్కించుకునేవాడు గానీ, చూడ్డానికి వచ్చినవాడికి ఆ దారి లేదు. 1995 నవంబరులో జిరాక్స్ కంపెనీకి చెందిన నెబెల్, మసింటర్ ఇద్దరూ ఆర్‌ఎఫ్‌సీ 1867 అనే పత్రంలో ఫారం ద్వారా ఫైలు పంపే పద్ధతి ప్రతిపాదించారు. ఇవాళ్టికీ ఫారంలో మనం రాసే "మల్టీపార్ట్ ఫారం డేటా" అక్కణ్ణుంచి వచ్చిందే. రాస్మస్ లెర్డార్ఫ్ పీహెచ్‌పీని జనంలోకి వదిలింది కూడా ఆ ఏడాదే.

పీహెచ్‌పీలో అప్‌లోడైన ఫైలు ముందు ఓ తాత్కాలిక ఫోల్డర్లో దిగుతుంది. అదే మన తెనాలి జంక్షన్. అక్కణ్ణుంచి మనం సొంత ఫోల్డర్‌కి మార్చకపోతే, స్క్రిప్టు ముగియగానే పీహెచ్‌పీ దాన్ని చెరిపేస్తుంది. పాత పీహెచ్‌పీలో ఈ తాత్కాలిక ఫైలు చిరునామా మామూలు వేరియబుల్లా వచ్చేది. ఎవరైనా తుంటరి ఫైలుకు బదులు సర్వర్లోని పాస్‌వర్డ్ ఫైలు చిరునామా పంపితే, అమాయకపు స్క్రిప్టు దాన్నే అప్‌లోడ్ అనుకుని బయట పెట్టేసేది. ఈ లొసుగు 2000లో బయటపడ్డాక, ఫైలు నిజంగా అప్‌లోడ్‌గా వచ్చిందా లేదా అని చూసుకుని మరీ మార్చే "మూవ్ అప్‌లోడెడ్ ఫైల్" అనే ఫంక్షన్ పీహెచ్‌పీ 4.0.3లో వచ్చింది.

అసలు సంగతి ఇప్పుడు. అప్‌లోడ్ ఎందుకు విఫలమైందో చెప్పే ఎర్రర్ నంబరు 2002లో, 4.2.0తో గానీ రాలేదు. అప్పటిదాకా పీహెచ్‌పీ కూడా "ఫైలు రాలేదు" అనే ఊరుకునేది, ఎందుకో చెప్పేది కాదు. అంటే సీనియర్‌కి నేను పెట్టిన మెసేజ్ 2002కి ముందు పీహెచ్‌పీ మాట్లాడిన భాషలో ఉందన్నమాట :) ప్రశ్న ఎలా అడగాలో చెబుతూ ఎరిక్ రేమండ్ రాసిన పెద్ద వ్యాసం 2001లోనే వచ్చింది. పదిహేడేళ్ళ తర్వాత కూడా నాకది చేరలేదు.

నంబరు అచ్చేసి చూస్తే 1. పీహెచ్‌పీ సెట్టింగుల్లో పెట్టిన సైజు దాటిందని దానర్థం. మనం మార్చకపోతే ఆ హద్దు 2 ఎంబీ. ఆవిడ ఫోన్ ఫొటోలు చాలావరకు మూడు, నాలుగు ఎంబీలు. నా పరీక్ష బొమ్మలు అందుకే దాటాయి, ఆవిడవి అందుకే ఆగిపోయాయి. ఫైలు మారకపోతే ఆ ఫంక్షన్ "ఫాల్స్" అని చెబుతూనే ఉంది, నేనే వినలేదు. వినకుండానే "చేరింది" అని రాసేశా.

హద్దు పెంచడం అయిదు నిమిషాల పని. బాబాయీ నేనూ రేపల్లె వెళ్ళి ఆవిడకి క్షమాపణ చెప్పాం. బంధువుల ఫోన్లలో వెతికితే కొన్ని దొరికాయి. పాపకి వాళ్ళ అమ్మమ్మ అక్షింతలు వేస్తున్న ఫొటో మాత్రం ఎవరి దగ్గరా లేదు. ఆవిడ మమ్మల్నేం అనలేదు, కాఫీ ఇచ్చి పంపింది. తిట్టినా బాగుండేదనిపించింది.

ఇప్పుడు ఉద్యోగంలో జూనియర్లు "పనిచేయట్లేదు" అని వస్తే, ఎర్రర్ ఎంత అని అడుగుతా. ఏఐని అడిగేవాళ్ళకీ అదే మాట చెబుతా, నంబరు లేకుండా అడిగితే అదీ ఊహించే చెబుతుంది. విసుక్కుంటారనుకోండి, పర్లేదు. "చేరింది" అని తెర మీద రాసేముందు మాత్రం, నిజంగా చేరిందో లేదో నేను రెండుసార్లు చూసుకుంటా.