దిద్దే చెయ్యి

మార్కాపురం పలక తెలియని తెలుగిల్లు ఒకప్పుడు ఉండేది కాదేమో. బలపం పట్టుకుని పిల్లవాడు ఓనమాలు రాస్తూంటే, పక్కన అమ్మో, అమ్మమ్మో కూర్చుని తీరాలి. రాసేది వాడే. "మావాడు రాశాడు" అని వీధంతా చెప్పుకునేదీ వాడి గురించే. కొమ్ము తిరగలేదని చెయ్యి పట్టుకుని దిద్దించినావిడ పేరు ఏ లెక్కలోకీ రాదు. ఈ దిద్దేవాళ్ళకి కూడా ఓ చరిత్ర ఉంది సుమండీ! మీ చేతిలో సెల్‌ఫోను ఈవేళ సవ్యంగా పనిచేస్తున్నదంటే, దాని వెనక ఉన్నదీ ఆ చరిత్రే.

ముందు మనకి తెలిసిన వేమన దగ్గర మొదలుపెడదాం. ఆటవెలదిలో మూడు పాదాలు కుదుర్చుకుని, చివర వేమన మకుటం తగిలిస్తే చాలు, అది వేమన పద్యమైపోతుంది. జనం ఊరుకుంటారా? ఎవరికి తోచింది వాళ్ళు చేర్చారు. ఊరికో ప్రతి, ప్రతికో పాఠం తయారైంది. 1820లో కడపకి ఉద్యోగానికి వచ్చిన ఛార్లెస్ ఫిలిప్ బ్రౌను దొరకి కొన్నాళ్ళకి ఈ పద్యాల మీద మనసు పడింది. కట్టలకొద్దీ తాళపత్రాలు పోగుచేశాడు. పండితులకి తన జీతంలోంచి జీతాలిచ్చి, చాలక అప్పులు చేసి, ప్రతులు పక్కపక్కన పెట్టించి, తేడాలు రాయించాడు. జూలూరి అప్పయ్యగారి వంటి పండితులు ఆయన కొలువులో పనిచేసినవారే. ఇంత తంటా పడి 1829లో అచ్చువేసినవి 693 పద్యాలు. పదేళ్ళ తరవాత, 1839లో, వాటిని 1164కి పెంచాడు. దేన్ని ఉంచాలో, దేన్ని తీసెయ్యాలో తేల్చడంలో దొరగారి సొంత అభిరుచి లేకపోలేదు. అయినా ఏ మాటకామాటే చెప్పుకోవాలి. పదిమంది పద్యాలు కట్టడం ఒక ఎత్తు, వాటిని జల్లెడ పట్టడం ఒక్కటీ ఒక ఎత్తు.

ఈ జల్లెడ పనే మళ్ళీ మన కాలంలో కంప్యూటర్ల దగ్గర వచ్చిపడింది. సాఫ్ట్‌వేరంటే మరేం లేదు, యంత్రానికి రాసిచ్చే వంట విధానం. చాలా కంపెనీలు ఆ విధానాన్ని చూపించవు. వండిన కూరే అమ్ముతాయి. 1983లో అమెరికాలో రిచర్డ్ స్టాల్‌మన్ అనే ఆయన, "ఇదేం పద్ధతి? విధానం అందరికీ కనిపించాలి, మార్చుకునే హక్కుండాలి, పంచుకునే హక్కుండాలి" అని పట్టుబట్టి ఓ ఉద్యమం లేవదీశాడు. 1991లో ఫిన్లాండులో లైనస్ టోర్వాల్డ్స్ అనే విద్యార్థి సరదాగా లినక్స్ మొదలుపెట్టాడు. మీది ఆండ్రాయిడ్ ఫోనైతే దాని అడుగున ఉన్నది అదే.

అందరూ మార్చవచ్చు అన్నారు కదా అని లోకం నలుమూలల నించీ మార్పులు వచ్చిపడ్డాయి. వచ్చిన ప్రతిదీ లైనస్ ఒక్కడే చూడాలి. 1998 నాటికి గుట్టలు పేరుకుపోయి, "మేం పంపింది చూడనే లేదు" అని అలకలూ, ఆయన విసుగూ, నానా రభసా అయింది. దాంతో ఒక్కొక్క భాగాన్నీ నమ్మకమైన ఒక్కొక్కరికి అప్పజెప్పడం గట్టిపడింది. 2004 నించి ప్రతి మార్పు కిందా "దీన్ని ఇచ్చే హక్కు నాకుంది" అని పేరు రాసి ఇవ్వాలన్నారు. 2005లో ఎవరు ఏనాడు ఏ వాక్యం మార్చారో చెప్పగల పద్దుపుస్తకం లాంటి పనిముట్టు, 'గిట్', లైనసే రాసుకున్నాడు. ఆయన నోరు మాత్రం కాస్త అత్తగారి నోరే. తప్పు చేసినవాణ్ణి నలుగురిలో కడిగేసేవాడు. 2018లో తనే క్షమాపణ చెప్పుకుని కొన్నాళ్ళు సెలవు పెట్టాడు.

తెలుగుకీ ఈ బాధ తప్పలేదు. ఇంటర్నెట్టు చూసుకునే ఫైర్‌ఫాక్స్‌ని తెలుగులో పెట్టుకుంటే, 'ఫైలు' దస్త్రం అవుతుంది, 'ఫోల్డరు' సంచయం, 'పాస్‌వర్డు' సంకేతపదం. ఎవరో ఔత్సాహికులు ఇంటి దగ్గర కూర్చుని, దమ్మిడీ తీసుకోకుండా చేసిన పని ఇది. ఇక్కడా ఎవరైనా మాట సూచించవచ్చు. కాని జట్టులో ఆ అధికారం ఉన్నవాళ్ళు చూసి సరేనన్నాకే అది తెరమీదకి వస్తుంది. చూడడమంటే అచ్చుతప్పులొక్కటే అనుకునేరు! ఒకచోట సంకేతపదం అని, ఇంకోచోట రహస్యపదం అంటే వాడేవాళ్ళు రెండూ వేరువేరనుకుంటారు. మీట మీద 'తొలగించు' అని రాయాలా, 'తొలగించండి' అని రాయాలా? యంత్రానికి మనం చెబుతున్నామా, యంత్రం మనల్ని వేడుకుంటున్నదా? ఇంగ్లీషువాడికి ఈ తంటా లేదు. మర్యాద తెలిసిన భాషకే ఈ చిక్కులన్నీ.

మాట కుదరకపోతే నవ్వుకుని ఊరుకుంటాం. అన్నిచోట్లా అంత తేలిగ్గా పోదు. బ్యాంకుకీ మనకీ మధ్య నడిచే రహస్యాలు కాచే 'ఓపెన్ ఎస్‌ఎస్‌ఎల్' అనే సాఫ్ట్‌వేరులోకి 2011 డిసెంబరు 31 రాత్రి, లోకమంతా కొత్త సంవత్సరం సందడిలో ఉండగా, ఒక చేర్పు వెళ్ళింది. రాసినాయన ఒక కొలత సరిచూడడం మరిచాడు. దిద్దినాయన కంటికీ ఆనలేదు. పొరుగావిడ గిద్దెడు పంచదార ఇచ్చి, "కుంచెడు ఇచ్చాను, తిరిగిచ్చెయ్యండి" అంటే, చూసుకోకుండా ఇంట్లో ఉన్నవన్నీ, బీరువా తాళాలతో సహా, కుంచంలో పోసి ఇచ్చినట్లన్నమాట! 2012 మార్చిలో విడుదలైన ఆ లోపం 2014 ఏప్రిల్ దాకా బయటపడలేదు. తీరా ఆరా తీస్తే, సగం లోకం నమ్ముకున్న ఆ పనికి పూర్తికాలం జీతగాడు ఒక్కడే!

అది పొరపాటు. 2024లో జరిగింది మోసం. దస్త్రాలని మడిచి చిన్నవి చేసే 'ఎక్స్‌జడ్' అనే పనిముట్టుని ఫిన్లాండులో లాస్సె కాలిన్ అనే ఆయన ఏళ్ళ తరబడి దాదాపు ఒంటరిగా చూసుకుంటున్నాడు. 2021లో జియా టాన్ అనే పేరుతో ఎవరో వచ్చి, వినయంగా చిన్నచిన్న సాయాలు మొదలుపెట్టారు. మరుసటేడు ఇంకెవరెవరో చేరి, "పని నత్తనడక నడుస్తోంది, వేరేవాళ్ళకి అప్పగించరాదా" అని కాలిన్‌ని దెప్పడం. తన మనసు బాగుండటం లేదనీ, ఇది జీతం లేని పని అనీ ఆయన చెప్పుకున్నాడు. వింటేనా? చివరికి ఆ వినయశాలికే తాళాలు దక్కాయి. రెండేళ్ళ ఓపిక! 2024 ఫిబ్రవరిలో లోపల దొంగదారి పెట్టేశాడు. అదీ ఎక్కడ? పరీక్ష కోసమని ఉంచిన, కావాలనే పాడుచేసినట్లు కనిపించే దస్త్రాల్లో. పురుగుపట్టిన బియ్యమని చీటీ అంటించిన సంచిలో ఎవరు చెయ్యిపెడతారు?

పట్టుకున్నది ఆండ్రెస్ ఫ్రాయిండ్ అనే ఇంజనీరు. తన యంత్రంలోకి వెళ్ళడానికి అరసెకను ఆలస్యమవుతోందని ఆయనకి అనుమానం వచ్చింది. అరసెకనే! కుక్కరు కూత మారిందని పక్కగదిలోంచే కనిపెట్టే ఇల్లాలి చెవి అది. తవ్వుకుంటూ పోయి, మార్చి 29న లోకానికి చెప్పాడు. ఆ సరుకు ఎక్కువ యంత్రాల్లోకి ఇంకా చేరకముందే అడ్డుపడింది. జియా టాన్ అన్న పేరు మళ్ళీ వినబడలేదు.

కాలిన్ తిరిగి వచ్చాడు. దొంగసరుకంతా ఏరేసి, మే నెలాఖరుకి శుభ్రమైన ప్రతి విడుదల చేశాడు.