వడ్రంగపు కొట్టమునుండి కర్మాగారమునకు

ఒక సీమ చరిత్ర వ్రాయవలెనన్నచో రాజుల పేర్లును, యుద్ధముల తేదీలును మాత్రమే చాలవు. ఆ సీమలో మడకను చెక్కినవాడెవడు, వాకిటి తలుపును నిలిపినవాడెవడు, వానికి కూలి యే రూపమున ముట్టెను అనియు నడుగవలెను. నేడు వంటయింటి బీరువాలు, దుకాణముల అరలు, కచేరీల బల్లలు కర్మాగారములలో తయారై వచ్చి యింట బిగింపబడుచున్నవి. ఇట్టి కర్మాగారములను నడుపువారిలో తాతల నాటి వడ్రంగపు కొట్టమునుండి పైకి వచ్చినవారును గలరు. ఈ మార్పు ఎట్లు వచ్చెనో, అందు వడ్రంగికి దక్కినదేమో ఆదవాని, ఎమ్మిగనూరు ప్రాంతమును ముందుంచుకొని విచారింతము.

పూర్వము వడ్రంగి పన్నిద్దరు ఆయగాండ్రలో నొకడు. నల్లరేగడి నేలకు గావలసిన మడక, గొర్రు, గుంటక అతని చేతిపనియే. తుమ్మకొయ్య నెన్నుకొని, బాడిసెతో చెక్కి, బండిచక్రమునకు ఆకులు కూర్చుటయు నతని పనియే. పనిముట్టు విరిగిననాడు రైతు రొక్క మియ్యడు. పంట కళ్ళమునకు వచ్చిననాడు మేర కొలిచి యిచ్చును. ఈ కట్టుబాటు మంచిదే. పంట పండిన యేట వడ్రంగి యింట పొయ్యి ఆరదు. కాని పంట లేని యేట మేరయు లేదు. 1876 మొదలు 1878 వరకు వచ్చిన ధాత కరువు బళ్ళారి, కర్నూలు మండలములను పీడించినప్పుడు, కళ్ళమును నమ్ముకొన్న చేతిపనివాడును రైతుతోపాటే నష్టపడెను.

అప్పుడు ఆదవాని బళ్ళారి మండలములోనిది. 1953లో ఆంధ్రరాష్ట్ర మేర్పడిన పిమ్మటనే కర్నూలు మండలమున చేరినది. 1871 నాటికి మద్రాసు రైలుమార్గము గుంతకల్లు, ఆదవానుల మీదుగా రాయచూరు చేరెను. ప్రత్తి బేళ్ళు దూరదేశములకు పోవుటకు దారి యేర్పడెను. తరువాత ఆదవానిలో ప్రత్తిగింజ తీయు యంత్రశాలలును, బేళ్ళు కట్టు ప్రెస్సులును వెలసెను. యంత్రశాల పనికి కూలి ధాన్యముగా గాక రొక్కముగా వచ్చును. వడ్రంగి తన పనికి తానే వెల చెప్పుకొనుటకు ఇది మొదటిమెట్టు.

రెండవ మెట్టు ఎమ్మిగనూరు మగ్గము చూపినది. ఆ యూరు నేతకు పేరుపడినది. గుంటమగ్గమున నేతగాడు నాడెను ఈ చేతినుండి ఆ చేతికి విసరుచుండెను. ఇంగ్లండులో జాన్ కే అనువాడు 1733లో త్రాడు లాగినంతనే నాడె తానై పరుగెత్తు ఏర్పాటును కనిపెట్టెను. మన రాజధానిలో నది ఇరువదవ శతాబ్దపు తొలి దశాబ్దములలో వ్యాపించెను. మగ్గపు చట్రము, నాడె పరుగెత్తు పలక, దానికి రెండు కొసల నుండు పెట్టెలు, అన్నియు కొయ్యపనియే. మడక కొంచెము వంకరయైనను దున్నును. పలక కొలత తప్పినచో నాడె దారి తప్పును. కంటి అంచనాతో జరిగిన పని ఇక్కడ కొలబద్దకు లోబడవలసి వచ్చెను.

అదే యూర 1938లో మాచాని సోమప్పగారు చేనేత సహకార సంఘమును స్థాపించిరి. ఇట్టి సంఘము నూలు సమకూర్చి, బట్టను తీసికొని, కూలి చెల్లించి, సరకును తానే విక్రయించును. నేతగాడు షావుకారు గుమ్మమున నిలువ నక్కర లేదు. సోమప్పగారికి 1954లో పద్మశ్రీ బిరుదము వచ్చెను. మగ్గము నేతగానిదే, నైపుణ్యము పాతదే. క్రొత్తగా వచ్చినది లెక్కయు, సంతయు.

ఆ రెండును చేత లేనిచో ఎంతటి పనితనమైనను ఏమగునో విశాఖపట్టణపు చరిత్ర చెప్పును. 18వ శతాబ్దమున అచ్చటి మన పనివారు నల్లకొయ్యలో దంతము పొదిగి, ఇంగ్లీషు మాదిరిని కుర్చీలు, బల్లలు, పెట్టెలు చేసిరి. ఆ వస్తువులు నేడు లండను ప్రదర్శనశాలలలో నున్నవి. చేసినవారిలో పెక్కుమంది పేర్లు మాత్రము నిలువలేదు. మాదిరి కొనువానిది, సంతయు కొనువానిదే. పనివానికి మిగిలినది కూలి.

దీనికి మారుగా జర్మనీ దేశమున బొప్పార్డు అను చిన్న పట్టణమున 1819లో మైకేల్ థోనెట్ అను వడ్రంగి తన కొట్టును పెట్టెను. కొయ్యను ఆవిరిపట్టి వంచు విధానమును సాధించి, 1853లో వ్యాపారమును కుమారుల పేర నెలకొల్పెను. వారు 1859లో తెచ్చిన కుర్చీని విడదీసినచో ఆరే ముక్కలు. మీటరు పొడవు, మీటరు వెడల్పు, మీటరు ఎత్తు గల పెట్టెలో 36 కుర్చీలు పట్టెడివి. చేరిన చోట మరలు బిగించిన చాలును. నేటి వంటయింటి బీరువా ఆ కుర్చీకి మనుమరాలని చెప్పవచ్చును.

నేటి పని యిట్లున్నది. ఎనిమిదడుగుల పొడవు, నాలుగడుగుల వెడల్పు గల ప్లైవుడ్డు పలకను యంత్రము కోయును; అంచులకు పట్టీ అంటించును; ముక్కలను ఇంటికి తెచ్చి బిగింతురు. బాడిసెకు పని తగ్గినది. అయినను గోడ ఎన్నడును నూలుపట్టినట్లుండదు. వంకరగోడకు తిన్నని బీరువాను అమర్చుటకు వడ్రంగి కన్నే కావలెను. అందుచేత విద్య పోలేదు. ఆ విద్యకు యజమాని యెవడనునదే ప్రశ్న.

2023 సెప్టెంబరు 17న కేంద్రప్రభుత్వము ప్రారంభించిన విశ్వకర్మ పథకమున 18 వృత్తులలో వడ్రంగమును చేర్చిరి. పూచీ లేకుండ మొదట లక్ష, పిదప రెండు లక్షల రూపాయల అప్పు నూటికి ఐదు వడ్డీపై నిచ్చుటకును, పనిముట్లకు 15,000 రూపాయల సాయము చేయుటకును అందు ఏర్పాటు చేసిరి. అయితే అప్పు యంత్రమును కొనిపెట్టును గాని వ్యాపారమును నేర్పదు.

కావున గ్రామమందలి పెద్దలు వడ్రంగి యింటి పిల్లవానికి చిత్రికతోపాటు పటము గీయుటయు, ఖాతా వ్రాయుటయు నేర్పింపవలెను. పని చేయించుకొనువారు కొలతను, వెలను కాగితముపై వ్రాయించుకొని, పలకపై ప్రమాణముద్రను చూడవలెను. సాధారణపు ప్లైవుడ్డుకు ఐ.యస్. 303, నీటిని తట్టుకొను దానికి 710 అను సంఖ్య లుండును. నలుగురైదుగురు వడ్రంగులు కూడి ఒక కోతయంత్రమును కొన్నచో, ఎమ్మిగనూరు నేతగాండ్రు 1938లో నడచిన బాటయే వీరికిని బాట యగును.