బొమ్మల కథల్లో తండ్రి ప్రేమ

అద్భుత కథలంటే మన విమర్శకులకు చిన్నచూపు. నవలలో ఒక జమీందారు కనిపిస్తే పది పేజీల వ్యాసం రాస్తారు గాని, రాజూ రాజకుమార్తే ఉన్న కథను పిల్లలకు వదిలేస్తారు. ఆ పిల్లలు అలాంటి కథల్ని పుస్తకాల్లో చదవటం తగ్గించి టెలివిజన్‌లో బొమ్మలుగా చూడటం మొదలుపెట్టి చాలా ఏళ్ళయింది. ఈ బొమ్మల కథల్లో ఒక పాత్ర కొంతకాలంగా నా దృష్టిని లాగుతున్నది. రాజకుమార్తె గురించీ మంత్రగత్తె గురించీ ఇప్పటికే చాలామంది రాశారు. నేను చెప్పబోయేది కూతురు గడప దాటితే తల్లడిల్లే తండ్రిని గురించి. ఆయనకు గొంతు పెద్దది, మనసు మెత్తన. మొదట కేకలు వేస్తాడు, ఆఖరున కౌగలించుకుంటాడు. ఆయన మనకెంత పరిచయమైపోయాడంటే, అద్భుత కథ పుట్టిననాటినుంచీ అందులో ఉన్నాడనే అనుకుంటాం. నిజానికి ఆయన చాలా ఆలస్యంగా వచ్చాడు. అంతకుముందు ఆ స్థానంలో ఎవరున్నారో చూడటం అవసరం.

గ్రిమ్ సోదరుల రపుంజెల్ కథతో మొదలుపెడతాను. 1812లో వెలువడిన వారి కథల మొదటి సంపుటిలోనే ఇది ఉంది. ఇందులో తండ్రి ఒక మామూలు సంసారి. భార్య కడుపుతో ఉంది. పక్క పెరట్లో నవనవలాడుతున్న ఆకుకూర మీద ఆమెకు మనసు పోయింది. అది తినకపోతే బతకదేమో అన్నంత దిగులు పెట్టుకుంది. అతను గోడ దిగి దొంగతనంగా కోసుకొచ్చాడు. రెండోసారి వెళ్ళినప్పుడు పెరటి యజమానురాలికి దొరికిపోయాడు. ఆమె మొదటి కూర్పులో ఒక దేవత, తరవాతి కూర్పుల్లో మంత్రగత్తె. కావలసినంత ఆకు కోసుకో, పుట్టిన బిడ్డను నాకివ్వు అన్నదామె. అతను భయపడి సరేనన్నాడు. పిల్ల పుట్టింది, ఆ ఆకుకూర పేరే ఆమెకు పెట్టారు, తీసుకుపోయారు, పన్నెండో ఏట తలుపులేని బురుజులో పెట్టారు. తండ్రి మళ్ళీ కథలో కనపడడు. అతను చెయ్యవలసిన పని అయిపోయింది: తీసుకున్నదానికి ధర చెల్లించాడు, ఆ ధర కూతురు.

ఇది ఒక్క కథలో జరిగిన ప్రమాదం కాదు. పేదవాడైన ఒక మరయజమాని తన మర వెనక నిలబడ్డదాన్ని ఇస్తానని సైతానుకు మాట ఇస్తాడు. అక్కడ నిలబడింది కూతురు. తరవాత సైతాను బెదిరిస్తే తన చేతులతోనే ఆమె చేతులు నరుకుతాడు. ఇంకొక మరయజమాని, నా కూతురు గడ్డిని బంగారంగా వడుకుతుందని రాజు దగ్గర గొప్పలు చెప్పి ఆమె ప్రాణం మీదికి తెస్తాడు. 1756లో బోమోం అనే ఫ్రెంచి రచయిత్రి క్లుప్తీకరించిన సౌందర్యవతి కథలో తండ్రి ఓడలు మునిగి దివాలా తీసిన వర్తకుడు. తన ప్రాణానికి బదులు కూతురు మృగం ఇంటికి పోవటాన్ని ఏడుస్తూనే ఒప్పుకుంటాడు. షార్ల్ పెరో 1694లో పద్యంలో రాసిన గాడిదతోలు కథలో తండ్రి చేసేది ఇంకా ఘోరం, సొంత కూతురినే పెళ్ళాడతానంటాడు. పాత కథలు చెప్పిన జనానికి తండ్రుల మీద ప్రత్యేకంగా కక్ష ఏమీ లేదు. పదిపన్నెండేళ్ళు దాటిన ఆడపిల్లను పరాయి ఇంట పనికి పంపటం, అప్పుకూ ఆస్తికీ ముడిపెట్టి పెళ్ళి చెయ్యటం వాళ్ళకు రోజూ కళ్ళ ఎదట కనపడేవి. అందుకే దాచకుండా చెప్పారు.

కాపలా కాసే తండ్రి పాత కథల్లో లేడా అంటే, ఉన్నాడు. ప్రతి రాత్రీ పన్నెండుమంది కూతుళ్ళ గది తలుపుకు తాళం వేయించే రాజు గ్రిమ్ కథల్లోనే ఉన్నాడు. తెల్లారేసరికి వాళ్ళ చెప్పులు నాట్యమాడి అరిగిపోయి ఉంటాయి. రహస్యం కనిపెట్టినవాడికి ఒక కూతురూ, తన తరవాత రాజ్యమూ ఇస్తానంటాడు. మూడు రాత్రుల్లో కనిపెట్టలేకపోతే ప్రాణం తీస్తాడు. ఈ రాజు కూతుళ్ళను ప్రేమిస్తున్నాడని కథ ఎక్కడా అనదు. అతనికి కావలసింది లెక్క తేలటం. (కనిపెట్టేవాడు గాయపడి కొలువుకు పనికిరాకుండా పోయిన ముసలి సిపాయి కావటం, వయసులో ఉన్నదాన్ని కాక పెద్ద కూతురినే కోరుకోవటం నాకు చాలా ఇష్టమైన వివరాలు.)

ఇంకొక కాపలాదారు నిద్రపోయిన రాజకుమార్తె తండ్రి. పెరో 1697లో ప్రకటించిన కథలో ఈ రాజు, కూతురికి కదురు గుచ్చుకుంటుందన్న శాపం విని, రాజ్యంలో కదురుతో వడికినా, ఇంట్లో కదురు ఉంచుకున్నా మరణశిక్ష అని చాటింపు వేయిస్తాడు. గ్రిమ్ కథలో రాజు కదుళ్ళన్నీ కాల్పించమంటాడు. ఆ కాలపు యూరపులో వడకటం ఆడవాళ్ళ చేతిలోని ముఖ్యమైన పని. ఇంగ్లీషులో పెళ్ళికాని స్త్రీని పిలిచే మాట కూడా వడికే మనిషి అన్న అర్థంనుంచే వచ్చింది. ఒక్క పిల్లను కాపాడటానికి రాజు దేశంలోని ఆడవాళ్ళందరి నోటి దగ్గరి కూడు తీశాడన్నమాట. పదిహేనేళ్ళపాటు ఆ ఇళ్ళలో ఏం తిన్నారో పెరో చెప్పడు. 1959లో డిస్నీ సంస్థ తీసిన సినిమాలో రాట్నాలు గుట్టగా పోసి తగలబెట్టే మంట కనపడుతుంది. అందమైన మంట. ఆ వెంటనే కథ మరో చోటికి పోతుంది.

ఇక్కడ గ్రిమ్ సోదరుల చేతివాటం గురించి చెప్పకపోతే తరవాత జరిగింది అర్థం కాదు. 1812నుంచి 1857 దాకా ఏడు కూర్పులు వేస్తూ వాళ్ళు కథల్ని మధ్యతరగతి ఇంటికి తగినట్టు సవరించుకుంటూ పోయారు. మొదటి కూర్పులో రపుంజెల్, నా బట్టలు ఎందుకు బిగుతవుతున్నాయని అమాయకంగా అడుగుతుంది. తరవాత ఆ మాట తీసేశారు. హిమశ్వేతను చంపబోయిన కన్నతల్లి 1819లో సవతితల్లి అయింది. హేన్సెల్, గ్రేటెల్‌లను అడవిలో వదిలెయ్యమన్న తల్లి 1840లో సవతితల్లి అయింది. ఆ తండ్రికి మాత్రం కూర్పు కూర్పుకూ కాస్త జాలీ, కాస్త కన్నీరూ కలిపారు. పాపం ఇంట్లోకి కొత్తగా వచ్చిన ఆడదానిది, ప్రేమ తండ్రిది. మనం టెలివిజన్‌లో చూస్తున్న తండ్రికి విత్తనం ఇక్కడ పడింది.

అది మానై పెరిగింది మత్స్యకన్య కథలో. ఆండర్సన్ 1837లో రాసిన కథలో సముద్రరాజు భార్య పోయినవాడు. ఇల్లు నడిపేది అతని ముసలితల్లి. పదిహేనేళ్ళు నిండిన ప్రతి మనవరాలికీ నీటి పైకి వెళ్ళే అనుమతి ఉంది. నిషేధమే లేదు. తండ్రి దాదాపు మాట్లాడడు. కథానాయికను బాధించేది తండ్రి కోపం కాదు, ఆమె చెల్లించవలసి వచ్చిన మూల్యం: నాలుక, నడిచిన ప్రతి అడుగునా కత్తులమీద నడిచినంత నొప్పి. 1989లో డిస్నీ సినిమా ఆ ముసలమ్మను తీసేసి ఆమె స్థానంలో ట్రైటన్ అనే తండ్రిని నిలబెట్టింది. మనుషుల లోకంతో పొత్తు కూడదన్నది అతని శాసనం. కూతురు ఏరియల్ గుహలో దాచుకున్న మనుషుల వస్తువులన్నీ త్రిశూలంతో పేల్చేస్తాడు. ఆ దృశ్యం నిజంగా భయంకరంగా ఉంటుంది, అది దాని గొప్పతనం.

సినిమాలో ఒక్కసారి జరిగింది టెలివిజన్‌లో వారం వారం జరగాలి. 1992 సెప్టెంబరులో అమెరికాలో సి.బి.ఎస్. మీద శనివారం ఉదయాలు మత్స్యకన్య సీరియల్ మొదలై, 1994 దాకా ముప్ఫయ్యొక్క భాగాలు నడిచింది. అది సినిమాకు ముందు జరిగిన కథ. ఇక్కడే ఒక చిక్కు ఉంది, నాకు ఈ వ్యాసం రాయాలనిపించింది దీనివల్లనే. సినిమా మొదలయ్యేటప్పటికి ట్రైటన్ కరడుగట్టిన అనుమానిగా ఉండాలి. కనక సీరియల్లో అతను ఎన్ని పాఠాలు నేర్చుకున్నా వాటినన్నిటినీ మరిచిపోవాలి. కూతురి మాటే నిజమని ఒక వారం ఒప్పుకుంటాడు, కౌగలించుకుంటాడు. వచ్చే వారం మళ్ళీ మొదటికి. ఒక భాగంలో ఆండర్సన్ మహాశయుడే నీటిలో తిరిగే ఇనపచేపలో కూచుని సముద్రంలోకి దిగితే, ఏరియల్ అతన్ని కాపాడుతుంది కూడా. అంత జరిగినా మనుషులపట్ల తండ్రి అభిప్రాయం శాశ్వతంగా మారటానికి వీల్లేదు. మారితే సినిమా ఉండదు.

అంటే సీరియల్‌కు కావలసింది ఎన్నటికీ తెగని తగువు. అందుకు కొడుకును తన్నే తండ్రి పనికిరాడు, కూతురిని అమ్మే తండ్రి అసలే పనికిరాడు. ప్రేమించి అడ్డుపడే తండ్రి ఒక్కడే పనికివస్తాడు. పైగా ఈ వినోదానికి డబ్బు ఎక్కణ్ణుంచి వస్తుందో కూడా చూడాలి. 1984లో అమెరికా ప్రభుత్వం పిల్లల కార్యక్రమాల్లో ప్రకటనలమీద ఉన్న అదుపు తీసేసింది. 1990లో చేసిన చట్టం మళ్ళీ కొంత హద్దు పెట్టింది: వారాంతాల్లో గంటకు పదిన్నర నిమిషాలు, మిగతా రోజుల్లో పన్నెండు నిమిషాలు. ఆ నిమిషాల్లో చూపించే బొమ్మలు కొనిపెట్టవలసినది పిల్ల తండ్రే. తెరమీది తండ్రి బేరగాడైతే, ఇంటి తండ్రి జేబులోకి చెయ్యి పోదు. ఇంతమాత్రాన రచయితలంతా కూచుని కుట్ర పన్నారని నేననను. అలాంటి యాంత్రిక వివరణలు మనకు మేలుకన్నా కీడే ఎక్కువ చేశాయి. ఏది అమ్ముడుపోతుందో అది నిలుస్తుంది, నిలిచినదాన్ని తరవాతివాడు అనుకరిస్తాడు, అంతే.

ఇక రపుంజెల్ దగ్గరికి తిరిగి వస్తాను. 2010లో డిస్నీ ఆ కథను సినిమాగా తీసింది. ఇందులో తండ్రి రాజు. ఆకుకూర స్థానంలో రోగాలు పోగొట్టే పువ్వు. గర్భవతి అయిన రాణి కోసం రాజు మనుషులు దాన్ని పెరికి తెస్తారు. పేదవాడు గోడ దిగి కోస్తే దొంగతనం అయింది, రాజు పెరికిస్తే వైద్యం అయింది. బేరం మాయమైంది. బిడ్డను ఎత్తుకుపోయిన ఆడదే దొంగ. తల్లీ తండ్రీ ఏటేటా ఆకాశంలోకి దీపాలు వదులుతూ పద్ధెనిమిదేళ్ళు ఏడుస్తారు. గ్రిమ్ కథలో మాటైనా మాట్లాడకుండా తప్పుకున్న తండ్రికి ఇంతకన్నా గౌరవమైన పునరావాసం ఎక్కడ దొరుకుతుంది?

అయితే 2017 మార్చినుంచి 2020 మార్చి దాకా నడిచిన దాని టెలివిజన్ సీరియల్‌ను తేలిగ్గా తీసెయ్యలేను. ఇల్లు చేరిన కూతురిని రాజు ఫ్రెడరిక్ వెన్నంటి కాపలాలో ఉంచుతాడు. ఆమె ఒక రాత్రి చెలికత్తెతో కలిసి కోటగోడ దాటుతుంది. పోయిన డెబ్భై అడుగుల జుట్టు మళ్ళీ మొలుస్తుంది. అది తెలిసిన రాజు, తన అనుమతి లేకుండా రాజ్యం పొలిమేర దాటకూడదని ఆజ్ఞ వేస్తాడు. బురుజు వెడల్పయింది, అంతే. ఈ సంగతి సీరియల్ తీసినవాళ్ళకు తెలుసు, చూసే పిల్లకు అర్థమయ్యేట్టు చెప్పారు కూడా. అంతకన్నా విశేషం, సినిమా మింగేసిన ధరను వీళ్ళు బయటికి కక్కించారు. పువ్వు పెరికిన చోటినుంచి నల్లని ముళ్ళరాళ్ళు మొలుచుకువస్తూ పల్లె ఇళ్ళను కూలుస్తాయి. రాజుకు కారణం తెలుసు. దాస్తాడు. వేరియన్ అనే కుర్రవాడు, తండ్రి ప్రమాదంలో ఉన్నాడు కాపాడమని మంచుతుఫానులో కోటకు పరుగెత్తుకొస్తే బయటికి ఈడ్పిస్తారు. ఒక తండ్రి తన కూతురికోసం చేసిన పనికి ఇంకొకరి కొడుకు అనాథలా నిలబడతాడు. కదుళ్ళు పోగొట్టుకున్న ఆడవాళ్ళు మూడువందల ఏళ్ళ తరవాత ఈ కుర్రవాడి రూపంలో కథలోకి వచ్చి నోరు తెరిచారని నాకనిపించింది. ఆ తరవాత ఆ కుర్రవాణ్ణే దుర్మార్గుణ్ణి చేశారు, అది వేరే సంగతి.

దూరదేశపు బొమ్మల గురించి ఇంత చర్చ ఎందుకని అడిగేవారుంటారు. మన జనం ఈ తండ్రిని ఎరగనివాళ్ళేం కాదు. 1951లో వచ్చిన పాతాళభైరవిలో ఉజ్జయిని రాజు తోటమాలి కొడుక్కి కూతురినివ్వనంటాడు. ఐశ్వర్యం తెచ్చి చూపించేసరికి అభ్యంతరం మెత్తబడుతుంది. ఆ రాజు కనీసం లెక్క దాచుకోలేదు. దాచుకునే తండ్రి ఇంకా ప్రమాదం. 2018 సెప్టెంబరులో మిర్యాలగూడలో ఒక దళిత యువకుణ్ణి, గర్భవతి అయిన అతని భార్య పక్కన ఉండగానే, ఆసుపత్రి వాకిట్లో నరికి చంపారు. డబ్బిచ్చి చంపించాడని పోలీసులు ఆమె తండ్రిమీద కేసు పెట్టారు. విచారణ ముగియకముందే, 2020 మార్చిలో, అతను చనిపోయాడు. 2025 మార్చిలో నల్లగొండ కోర్టు నరికినవాడికి మరణశిక్ష, మిగిలినవారికి యావజ్జీవం వేసింది. ఆ రోజుల్లో ఆ తండ్రిని వెనకేసుకొచ్చినవాళ్ళు కులం అనలేదు, ఆస్తి అనలేదు. బిడ్డమీద ప్రేమ అన్నారు. అమెరికా కార్టూన్లు చూసి వాళ్ళు ఆ మాట నేర్చుకున్నారని చెప్పటం నా ఉద్దేశం కాదు. ఆ మాట ఏం చెయ్యగలదో చెప్పటమే నా ఉద్దేశం. బేరం పేరు ప్రేమ అయినప్పుడు, ధర ఎవరు చెల్లించారని అడగటం మర్యాద తప్పినట్టు తోస్తుంది.

ఈ సీరియళ్ళను పిల్లలకు చూపించవద్దని కొందరు ఉపాధ్యాయ మిత్రులు అంటున్నారు. నేనొప్పుకోను. ఏరియల్ నిషేధించిన చోటికి ఈదుతుంటే పదేళ్ళ పిల్ల ముఖం వెలగటం నేను చూశాను. తండ్రి ఉపన్యాసం ఇస్తుంటే ఆ పిల్లే లేచి మంచినీళ్ళు తాగటానికి పోతుంది. ఏది ఉంచుకోవాలో వాళ్ళకు కొంత తెలుసు. మనం చెయ్యదగింది, పాత కథను కూడా పక్కన పెట్టి చెప్పటం: ఆకుకూర సంగతీ, కదుళ్ళ సంగతీ చెప్పి, రెంటికీ తేడా ఏమిటని వాళ్ళనే అడగటం.

మత్స్యకన్య సినిమాకు కొనసాగింపుగా 2000లో ఇళ్ళలో చూసుకునే వీడియోగా మరొక సినిమా వచ్చింది. అందులో ఏరియలే తల్లి. కూతురు మెలొడీకి సముద్రంనుంచి ముప్పు రావటంతో, ఆ పిల్ల సముద్రం ముఖం చూడకుండా కోటచుట్టూ గోడ కట్టిస్తుంది, తన పుట్టుక సంగతి కూడా దాస్తుంది. ట్రైటన్ పని ఇప్పుడు ఆమె చేస్తున్నది. మెలొడీ తల్లికి తెలియకుండా ఆ గోడ కిందినుంచి దూరి రోజూ ఈతకు పోతూనే ఉంటుంది.