రంగం పోయినవాళ్ళు

మా ఊళ్ళలో రంగూన్ అని ఎవరూ అనరు, రంగం అంటారు. ‘ఆడు రంగమెళ్ళిపోనాడు’ అన్నారంటే ఆ మనిషి కథ అక్కడితో సరి. బర్మా వలస గురించి రాసినవాళ్ళు వర్తకుల్నీ, వడ్డీ వ్యాపారుల్నీ, గుమాస్తాల్నీ వేరువేరుగా చెప్పి, డెక్కు మీద కిక్కిరిసి వెళ్ళినవాళ్ళని మాత్రం ‘కూలీలు’ అని ఒక్క మాటలో తేల్చేస్తుంటారు. ఆ కూలీలకి కులం లేదా?

సముద్రం దాటితే కులం పోతుందని శాస్త్రాలు బెదిరించింది ద్విజుల్ని. పోగొట్టుకోడానికి మావాళ్ళ దగ్గర ఏముంది గనక! కాకినాడ, విశాఖపట్నం రేవుల్లో ఓడెక్కించిన మేస్త్రీ ముందుగా ఇచ్చిన అడ్వాన్సుని కూలిలోంచి కోసుకునేవాడు. పాలేరు అప్పుకీ దీనికీ తేడా తక్కువే. అయినా వెళ్ళారు, అక్కడ కూలి డబ్బుగా చేతికొచ్చేది కాబట్టి. వరికోతలకీ, బియ్యం మిల్లులకీ, రేవు మోతకీ వెళ్ళినవాళ్ళలో రకరకాల కులాలవాళ్ళున్నారు. రంగూన్ వీధులూడ్చి, మలం ఎత్తిన చేతులు మాత్రం ఎక్కువగా తెలుగు దళితులవే. కులం కూడా వాళ్ళతోపాటే ఓడ దిగింది.

1930 మేలో రేవులో తెలుగు కూలీలు కూలి పెంచమని సమ్మె కట్టారు. కంపెనీలు బర్మావాళ్ళని పనిలో పెట్టుకుని, సమ్మె తేలగానే వాళ్ళని పొమ్మన్నాయి. మే 26న రేగిన గొడవల్లో వంద మందికి పైగా చచ్చారు, ఎక్కువమంది మనవాళ్ళే. దీన్ని జాతుల కొట్లాట అంటారు. ఆకలి మీదున్న ఇద్దరి మధ్య ఒక్క కూలిని విసిరినవాళ్ళ మాటేమిటి?

1941 డిసెంబరు 23న రంగూన్ మీద జపాన్ బాంబులు పడ్డాయి. పాకీ పనివాళ్ళు పారిపోగానే నగరం కంపెత్తిపోయింది. వాళ్ళు లేకపోతే ఏమవుతుందో దొరలకి అప్పుడు తెలిసొచ్చింది. 1942లో లక్షల మంది అరకాన్, మణిపూర్ కొండల మీదుగా నడిచారు. మణిపూర్ వైపు తెల్లవాళ్ళకో బాట, నల్లవాళ్ళకో బాట. ఊరు వేరు, వాడ వేరు తెలిసిన మనకి ఇది కొత్తేం కాదు. కలరాతో, మలేరియాతో, ఆకలితో వేలమంది దారిలోనే రాలిపోయారు.

1962లో సైన్యం గద్దెనెక్కాక మిగిలినవాళ్ళలో చాలామంది ఓడలెక్కి వచ్చేశారు. విశాఖలో బర్మా క్యాంపు అలా వెలిసిందే. ఈ వ్యాసం కోసం వాడలు తిరిగినప్పుడు ఒక ముసలమ్మని కదిపాం. ‘మా అయ్య నడిసొచ్చినాడు బాబూ. మా పెదనాన్న కొండకాడ కూకుండిపోనాడంట, రాత్తానెల్లమన్నాడంట’ అంది. ఆయన పేరడిగాం. కాసేపు ఆలోచించింది. గుర్తు రాలేదు.