గాలిలో కొలువు - నేల మీద లెక్క



శ్రీకాకుళం జిల్లా ట్రెజరీలో ముప్ఫై నాలుగేళ్లు జీతాల బిల్లులు పాసు చేసి రిటైరైనవాణ్ణి. విమానాలతో నాకేం పని అంటారేమో! మా తమ్ముడి మనవడు పైలట్ శిక్షణ పూర్తిచేసి, ఒక చిన్న విమాన కంపెనీ ఇచ్చిన కాంట్రాక్టు తెచ్చి, "పెదతాతా, ఒకసారి చూడు" అన్నాడు. బాండు సొమ్ము అంకెల్లోనూ, అక్షరాల్లోనూ ఉంది. జీతం ఏ తేదీన ఇస్తారో లేదు. అప్పటినుంచి ఈ కొలువు చరిత్ర తిరగేస్తున్నాను.

రెండో ప్రపంచ యుద్ధం ముగిశాక డకోటా విమానాలు చవగ్గా దొరికాయి. దేశంలో కంపెనీలు పుట్టగొడుగుల్లా లేచాయి. నిజాం ప్రభుత్వం, టాటాలు కలిసి 1945లో హైదరాబాదులో పెట్టిన డెక్కన్ ఎయిర్‌వేస్ మన తెలుగునేల సంస్థ. 1947లో లైసెన్సు పొందిన ప్రేమ్ మాథుర్‌ను ఆడపిల్లని మిగతా కంపెనీలు కాదంటే, పనిలోకి తీసుకున్నది ఇదే. అయితే విమానం పూర్తి బాధ్యత మాత్రం ఆమె చేతికి ఇవ్వలేదు.

కంపెనీలు ఎక్కువై నష్టాలు పెరిగాయి. 1950లో రాజాధ్యక్ష కమిటీ విచారణ జరిపింది. 1953 ఆగస్టు 1న డెక్కన్‌తో సహా ఎనిమిది సంస్థలు ఇండియన్ ఎయిర్‌లైన్స్ కార్పొరేషన్‌లో కలిశాయి. ఉద్యోగులను బదలాయించే ఏర్పాటు చట్టంలోనే ఉంది. ప్రేమ్ మాథుర్ కూడా ఆ ఏడాదే అందులో చేరారు.

1994లో ఆ చట్టం రద్దయింది. మళ్లీ ప్రైవేటు కంపెనీలు వచ్చాయి. కింగ్‌ఫిషర్ 2012లో, జెట్ ఎయిర్‌వేస్ 2019లో సిబ్బందికి జీతాలు బాకీపడి ఆగిపోయాయి. విజయవాడ నుంచి 2013లో మొదలైన ఎయిర్ కోస్టా 2017లోనే మూతపడింది. ఆ 2017లోనే, కెప్టెన్ ఉద్యోగం మానాలంటే ఏడాది ముందు, కో-పైలట్ ఆరు నెలల ముందు నోటీసు ఇవ్వాలని డీజీసీఏ నిబంధన పెట్టింది.

మన శ్రీకాకుళం ఎంపీ కింజరాపు రామ్మోహన్ నాయుడు 2024 జూన్‌లో విమానయాన మంత్రి అయ్యారు. పైలట్ల వారపు విశ్రాంతిని 36 గంటల నుంచి 48కి పెంచే నిబంధన 2025 జులైలో, రాత్రి డ్యూటీ నిబంధనలు నవంబరులో అమలుకొచ్చాయి. డిసెంబరులో ఇండిగో వేల విమానాలు రద్దు చేసింది. చివరికి రాత్రి డ్యూటీ నిబంధనల్లో ఆ సంస్థకు తాత్కాలిక మినహాయింపు ఇచ్చారు. అంత పెద్ద సంస్థలోనే ఇలా ఉంటే, నాలుగు విమానాల కంపెనీలో పైలట్ "అలసిపోయాను" అని నోరు తెరవగలడా?

మావాడు సంతకం పెట్టేశాడు. శిక్షణకు చేసిన అప్పు ఉంది మరి. నేను చెప్పింది ఒక్కటే: "ఎగిరిన గంటలు, విశ్రాంతి గంటలు, జీతం పడిన తేదీ రోజూ సొంత పుస్తకంలో రాసుకో." మన సర్వీసు రిజిస్టరు మనల్ని ఎలా కాపాడిందో మీకు తెలుసు. భోగాపురం విమానాశ్రయానికి 2023లో శంకుస్థాపన జరిగినప్పటి నుంచి మన రెండు జిల్లాల పిల్లలు ఎందరో ఈ కొలువు వైపు చూస్తున్నారు. వాళ్ల కాగితాలు ఒకసారి మనమూ చదువుదాం. మనకు చేతనైన పని అదే కదా!