గాజుల కొలతా, తూటాల కొలతా

బోధన్ చెరకు తోటలంటే మనకు పంచదార గుర్తొస్తుంది. రైతుకు మాత్రం అడవి పంది గుర్తొస్తుంది! 1931కి నిజాంసాగర్ పూర్తయి మంజీర నీళ్ళు పొలాలకెక్కాయి. 1937లో నిజాం షుగర్ ఫ్యాక్టరీ వెలిసింది. నీడా, నీరూ, తీపీ ఒక్కచోటే దొరికితే పందికి అంతకంటే పుట్టిల్లేముంటుంది? రైతు మంచె ఎక్కి, రేకు డబ్బాలు వాయిస్తూ తెల్లవార్లూ జాగారం చేయాల్సిందే.

మరి తుపాకీ కొనుక్కోవచ్చుగా అంటారా? అక్కడే ఉంది తిరకాసు.

తుపాకీ గొట్టం లోపలి వెడల్పును మన గాజుల్లాగే అంగుళాల్లో కొలుస్తారు. మనది రెండు-నాలుగు, రెండు-ఆరు అయితే, వాళ్ళది పాయింట్ 303, పాయింట్ 450. డబ్బున్న దొరలకు లండన్‌లో రిగ్బీ, పర్డీ వంటి దుకాణాలుండేవి. జాకెట్టుకు ఆది తీసుకున్నట్టే చెయ్యి పొడుగూ, చెంప ఆనే ఎత్తూ చూసి తుపాకీ మడమ చెక్కేవారు. ఖర్చు అంతటితో ఆగేదా! తూటాలు కొంటూనే ఉండాలి. ఏనుగును కొని అంకుశానికి బేరమాడితే కుదరదు కదా. అందుకే ఇంటి లెక్క తెలిసినవాడు ముందు తూటా ధర అడిగి, తర్వాత తుపాకీ వంక చూసేవాడు.

అయితే కొలత ఎంచుకోవడం పూర్తిగా కొనేవాడి చేతిలో లేదు. 1857 భయం తెల్లదొరల్ని వదల్లేదు. వేటగాడి తూటా తిరుగుబాటుదారుడి తుపాకీలో పట్టకూడదని, 1900 దాటిన కొద్ది ఏళ్ళకే పాయింట్ 450ని ఇండియాలో నిషేధించారు. లండన్ వాళ్ళేం తక్కువ తిన్నారా? గాజు సైజు కాస్త మార్చినట్టు 465, 470, 475 చేసి అమ్మారు. పులికి తేడా తెలిసిందో లేదో!

సైన్యం వాడే 303 కూడా మామూలు జనానికి నిషిద్ధమే. అందుకే స్వతంత్రం వచ్చాక ఇషాపూర్ ఫ్యాక్టరీ పౌరుల కోసం 315 చేసింది. దాని మూలం ఆస్ట్రియా సైన్యపు పాత మాన్లిషర్ తూటా. అక్కడి సిపాయి కొలత ఇక్కడ మన రైతు కొలతయింది.

దూరం కొట్టే తుపాకీ అన్నిచోట్లా గొప్పేమీ కాదు. 436 మందిని పొట్టన పెట్టుకుందన్న చంపావత్ పులిని 1907లో చంపినందుకు జిమ్ కార్బెట్‌కు 275 రిగ్బీ బహుమతిగా ఇచ్చారు. సన్నని తూటా, తేలిక తుపాకీ. కొండలెక్కేవాడికి అది సరే. చెరకు తోటలో పది గజాల అవతల ఏముందో కనపడదు. గురి తప్పిన రైఫిలు తూటా మైలు దాటినా పోగలదు. ఆ దారిలో చెరకు కొట్టే కూలీల గుడిసెలుంటే? నన్నడిగితే అక్కడ దగ్గరి తుపాకీయే మేలు.

ఊళ్ళలో సామాన్యుడికి తెలిసింది భర్మారు. మూతిలోంచి మందూ గుండూ కూరి పేల్చేది. 1946-51 మధ్య నల్లగొండ, వరంగల్ పల్లెల్లో ఆ భర్మార్లతోనే 303ల ముందు నిలబడ్డారు. ఏ కొలత ఎవరికి దక్కనివ్వాలని సర్కారు అంతగా ఎందుకు లెక్కలు వేసిందో అక్కడ తెలిసిపోతుంది.

1972 వన్యప్రాణి చట్టంతో సరదా వేటకు తెర పడింది. పంట తినే పందిని కొట్టాలన్నా అధికారి అనుమతి కావాలి. 2015లో ఫ్యాక్టరీ కూడా మూతపడింది. చెరకున్న చోట చాలావరకు వరి, సోయా, మొక్కజొన్న వచ్చాయి. పందులకు మొక్కజొన్న కూడా బాగానే నచ్చింది.